నర్సు కన్నీళ్ల చాటున ప్రభుత్వం

వైద్యుడూ నాటక రచయితా అయిన డేవిడ్ ఫెల్డ్‌షూ రాసిన 'మిస్ ఎవర్స్ బాయ్స్' నాటకం చదివినా, దాని ఆధారంగా 1997లో వచ్చిన చలనచిత్రం చూసినా కంటతడి పెట్టకుండా ఉండలేము. అయితే ఆ కన్నీళ్లలో ఎక్కువ భాగం ఎవరి కోసం కారుతున్నాయని మేము అడుగుతున్నాము.

జరిగిన నేరం ఇది. 1932లో అమెరికా ప్రజారోగ్య విభాగం అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో, టస్కీగీ పట్టణం కేంద్రంగా, సుమారు 600 మంది పేద నల్లజాతి పురుషులను ఎంచుకుంది. వారిలో 399 మంది సిఫిలిస్ రోగులు. రోగం పేరు వారికి చెప్పలేదు, 'మీ రక్తం చెడింది' అన్నారు. పరీక్ష కోసం వెన్నులో సూది గుచ్చి నీరు తీసి, దానినే ప్రత్యేక ఉచిత చికిత్సగా నమ్మించారు. శవపరీక్షకు ఒప్పుకుంటే ఖననం ఖర్చు భరిస్తామన్నారు. బతికుండగా మందు ఇవ్వనివారు చూపిన ఉదారత అది! 1940ల చివరికి పెన్సిలిన్ ఈ రోగానికి ప్రామాణిక చికిత్స అయింది. వీరికి మాత్రం దానిని అందనివ్వలేదు. సైన్యంలోకి పిలుపు వస్తే అక్కడ చికిత్స జరుగుతుందేమోనని పేర్ల జాబితా పంపి మరీ అడ్డుకున్నారు. రోగం భార్యలకు సోకింది, పిల్లలకు పుట్టుకతోనే వచ్చింది.

ఆ రోగాన్ని ప్రభుత్వమే వారికి ఎక్కించిందని మనలో కొందరు చెబుతుంటారు. టస్కీగీలో అలా జరగలేదు. 1946-48 మధ్య గ్వాటెమాలాలో అదే విభాగం ఆ పని కూడా చేసింది. ఉన్న నేరమే చాలినంత ఉన్నప్పుడు లేనిది చేర్చితే, దోషులకు తప్పించుకునే దారి మనమే చూపినట్లవుతుంది.

ఇక నాటకం. టస్కీగీలో దశాబ్దాల పాటు పనిచేసిన నల్లజాతి నర్సు యూనిస్ రివర్స్ నమూనాగా యూనిస్ ఎవర్స్ పాత్రను రచయిత కల్పించాడు. సెనేట్ సంఘం ముందు ఆమె ఇచ్చే వాంగ్మూలంగా కథ నడుస్తుంది. ఆమె ప్రేమ, ఆమె సందేహం, ఆమె వేదనే నాటకానికి ప్రాణం. కానీ 1973లో నిజంగా సెనేట్ సంఘం ముందు కూర్చుని మాట్లాడినవారిలో ఆ ప్రయోగానికి బలైన పురుషులే ఉన్నారు. వారి కుర్చీని నర్సుకు ఇవ్వడం మాకు చిన్న మార్పుగా తోచలేదు.

మేము ఆ నర్సును నిందించడం లేదు. వైద్యాన్ని ఎన్నడూ ఎరుగని ఊళ్లకు ఆమె మనిషిగా వెళ్లింది, జనం నమ్మారు. అధికారం వాడుకున్నది సరిగ్గా ఆ నమ్మకాన్నే. బలహీన వర్గాల దగ్గరకు అన్యాయం తరచు వారిలోని మంచివారి చేతుల మీదుగానే వస్తుంది. మన ఖమ్మం జిల్లాలో 2009లో మొదలైన హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో ఏం జరిగింది? గిరిజన బాలికల తరఫున వసతి గృహాల వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న, మేము టీకాలకు వ్యతిరేకులం కాము. ఆ బాలికల తల్లిదండ్రులను ఎందుకు అడగలేదన్నదే మా ప్రశ్న. వార్డెన్లను మాత్రమే తిట్టి ఊరుకుంటే, ఆ పత్రాలు వారి చేతికి ఇచ్చినవారు హాయిగా నిద్రపోతారు.

టస్కీగీపై మళ్లీ నాటకం రాసేవారు 1969 నాటి ఒక సమావేశాన్ని రంగస్థలం మీదకు తేవాలి. వ్యాధి నియంత్రణ కేంద్రం పిలిచిన నిపుణులు ఆ ప్రయోగాన్ని సమీక్షించి, దానిని కొనసాగించాలనే తేల్చారు. బాధితులలో ఒక్కరూ అక్కడ లేరు. కన్నీళ్లు పెట్టుకున్న నర్సూ లేదు. చదువుకున్న పెద్దమనుషులు కాగితాలు తిరగేసి ఇళ్లకు వెళ్లారు. మరో మూడేళ్లకు, 1972లో పత్రికలు బయటపెట్టాకే అది ఆగింది. అప్పటికి ఆ రోగులలో బతికి ఉన్నవారు 74 మంది. వైద్యులలో ఒక్కరికీ శిక్ష పడలేదు.