అతుకుల పని

పూరింటికి ఏటా కొత్త తాటాకు కప్పించకపోతే తొలకరికే కురుస్తుంది. డేటాబేస్‌దీ అదే తంతు. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పోస్ట్‌గ్రెస్‌గా పుట్టిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ అనే డేటాబేస్‌కు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో రెండో గురువారం సవరణలు వస్తాయి.

ఒక్కోసారి అతుకే చిరుగుతుంది. 2024 నవంబరు 14న విడుదలైన 17.1 వెర్షన్‌లో ఒక అంతర్గత నిర్మాణం కొలత మారి, కొన్ని ఎక్స్‌టెన్షన్లకు ముప్పు వచ్చింది. సరిగ్గా వారానికి, షెడ్యూలు పక్కనపెట్టి, 17.2 తెచ్చారు. తప్పు దాచలేదు, కారణం రాసి మరీ ప్రకటించారు. (మన ఆఫీసుల్లో అయితే ముందు కమిటీ వేసేవారు.) ఈ అతుకుల పని చేసేవారికి చప్పట్లు తక్కువ. ఈ సంచికలో వారి గురించే ఎక్కువ రాశాం.

అతుకులు వేసినా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ ఒక్కో ప్రధాన వెర్షన్‌కు అయిదేళ్లే ఆయుష్షు. పేజీ తిప్పేముందు మీ సర్వర్‌లో ఏది నడుస్తోందో చూసి రండి.