టమాటాలో కొమ్మల తొలగింపు: సలహాకు ముందు రకం తెలియాలి

పట్టణాలలో మేడలపైన, పెరళ్లలో చిన్న షేడ్‌నెట్ గృహాలు, పాలీహౌస్‌లు నిర్మించుకొని టమాటా పెంచే కుటుంబాలకు మొదట చేరే సలహా ఒకటే: పక్క కొమ్మలన్నీ తుంచివేసి, ఒకే కాండాన్ని పురికొసపై పైకి పాకించాలి. నెదర్లాండ్స్ వంటి శీతల దేశాల గాజు గృహాలలో నెలల తరబడి కాపునిచ్చే రకాలకు ఈ పద్ధతి తగినదే. అయితే రకం ఏదని అడగకుండా దీనిని ప్రతి ఇంటికీ సిఫారసు చేయడం విస్తరణ సేవలో సరిదిద్దుకోవలసిన లోపం.

టమాటా పెరుగుదల స్వభావం అన్ని రకాలలో ఒకటి కాదు. అపరిమిత పెరుగుదల గల రకాలలో సాధారణంగా ప్రతి 3 ఆకులకు ఒక పూగుత్తి వస్తూ, కాండం సాగుతూనే ఉంటుంది. చెర్రీ టమాటాలలో అధిక భాగం ఈ కోవకు చెందినవే. 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో కనిపించిన ఉత్పరివర్తన నుంచి పరిమిత పెరుగుదల గల రకాలు రూపొందాయి. వీటిలో పూగుత్తుల మధ్య ఆకులు క్రమంగా తగ్గి, ప్రధాన కాండం పూగుత్తితోనే ముగుస్తుంది. ఆపై కాపు పక్క కొమ్మల నుంచే రావాలి. పీకేఎం-1, పూసా ఎర్లీ డ్వార్ఫ్ ఇటువంటివి. అర్క రక్షక్ సంకరం మధ్యస్థ స్వభావం గలది. పరిమిత రకంలో పక్క కొమ్మలన్నీ తీసివేస్తే, మొక్కకు మిగిలేది కొద్ది గుత్తులు మాత్రమే. దిగుబడి తగ్గినప్పుడు కుటుంబం విత్తనాన్నో ఎరువునో తప్పుపడుతుంది గాని, కత్తిరింపును అనుమానించదు.

కనుక సిఫారసు మూడు విధాలుగా ఉండాలి. పరిమిత రకాలకు 3 నుంచి 4 అడుగుల ఊతకర్ర నాటి, మొదటి పూగుత్తికి దిగువనున్న కొమ్మలను, మట్టికి తగిలే ఆకులను మాత్రమే తొలగించాలి. మధ్యస్థ రకాలకు రెండు మూడు కాండాలు ఉంచాలి. అపరిమిత రకాలకే ఒకటి లేదా రెండు కాండాల పద్ధతి వర్తిస్తుంది. ఊతం మాత్రం అన్నింటికీ అవసరమే. మదనపల్లె ప్రాంత రైతులు కర్రలు, తీగలతో ఊతమిచ్చి కాయలను నేలకు తగలకుండా కాపాడుకోవడం విస్తరణ శాస్త్రవేత్తలకు తెలిసినదే.

ఇంటి నిర్మాణంలో బరువు లెక్క కూడా ముఖ్యం. ఒక్కొక్క మొక్క 5 కిలోల బరువు మోపినా, 12 మొక్కలకు 60 కిలోలవుతుంది. సన్నని పైపుల కప్పుకు ఇంత బరువు వేలాడదీయడం క్షేమం కాదు. విడిగా స్తంభాలు నిలిపి తీగ లాగాలి. పురికొసను ఆకు తొడిమ కింద వదులుగా కట్టాలి. పూగుత్తి కాడ కింద కడితే కాయల బరువుకు కాడ విరిగే ప్రమాదం ఉంది.

వాతావరణం మరొక అంశం. శీతల దేశాలలో వెలుతురు కోసం ఆకులు తీస్తారు. తెలుగు నేలపై వేసవిలో అదే పని చేస్తే, ఎండ నేరుగా తగిలి కాయలపై తెల్లని మచ్చలు ఏర్పడతాయి. తెల్లదోమను అడ్డుకొనే సన్నని వల తేనెటీగలను, గాలిని కూడా అడ్డుకొంటుంది. అందువల్ల ఉదయం పూట పురికొసను మెల్లగా తట్టి పుప్పొడి రాలేలా చేయాలి. మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా వ్యాపిస్తుంది గనుక కొమ్మలు తుంచే ముందు, ముఖ్యంగా పొగాకు వాడేవారు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇంటి సాగుదారులకు ఇన్ని వివరాలు భారమవుతాయని, ఒకే సూత్రం చెప్పడమే మేలని వాదించవచ్చు. కానీ ‘ఇది ఏ రకం?’ అన్న ప్రశ్న భారమైనది కాదు. విత్తన పొట్లంపై పెరుగుదల స్వభావాన్ని తెలుగులో ముద్రిస్తే సగం సమస్య తీరుతుంది. ముద్రణ లేనిచోట, ఒక మొక్కను కత్తిరించకుండా వదిలి, దాని ప్రధాన కాండం పూగుత్తితో ముగుస్తుందో లేదో గమనించమని చెప్పవచ్చు.

విద్యార్థులకు ఇందులో ఉపయుక్తమైన ప్రాజెక్టు ఉంది. స్థానికంగా లభించే రకాలను షేడ్‌నెట్ కింద ఒక కాండం, రెండు కాండాలు, కత్తిరింపు లేని పద్ధతులలో పెంచి, కాయల సంఖ్య, బరువు, ఎండ మచ్చలు వేర్వేరుగా నమోదు చేస్తే, విస్తరణ కరపత్రాలు ఇక్కడి నేల, ఇక్కడి ఎండ ఆధారంగా వెలువడతాయి.