గ్యారంటీ గడువు దాటనివ్వరాదు

కోటవురట్ల: రోడ్డు గాని, వంతెన గాని సగంలో ఆగిపోతే అవస్థ పడేది ఊళ్లవారే. అందుకే ప్రభుత్వం కాంట్రాక్టరు నుంచి బ్యాంకు గ్యారంటీ తీసుకుంటుంది. పని చెడితే, అడిగిన వెంటనే బ్యాంకు సొమ్ము చెల్లించాలి.

అయితే ఒప్పందం రద్దు కాగానే కాంట్రాక్టరు మధ్యవర్తి తీర్పు కోరుతూ, ఈలోగా ఆ సొమ్ము వసూలు చేయకుండా ఆపాలని 1996 మధ్యవర్తిత్వ చట్టం 9వ సెక్షన్ కింద కోర్టుకు వెళతాడు. 2019లో పోలవరం జలవిద్యుత్ కేంద్రం ఒప్పందం రద్దయినప్పుడూ గ్యారంటీల తగవు కోర్టుకెక్కింది.

బిల్లులు రాలేదనో, తప్పు శాఖదేననో అంటే చాలదు. ఘోరమైన మోసమో, తిరిగి పూడ్చలేని అన్యాయమో ఉంటేనే షరతులు లేని గ్యారంటీని ఆపాలని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. ఇది సబబే. కాంట్రాక్టరు గెలిస్తే అతని సొమ్ము అతనికి తిరిగి వస్తుంది. పని ఆగి ఊరు పోగొట్టుకున్నది ఎవరిస్తారు?

కాని గ్యారంటీకి గడువుంటుంది. ఆలోగా అడగకపోతే అది చిత్తుకాగితమే. అధికారులు ముందే పొడిగింపు రాయించుకోవాలి. మన మండలంలో జరిగే ప్రతి పని దగ్గర బోర్డు మీద అంచనా మొత్తంతోపాటు గ్యారంటీ మొత్తం, గడువు తేదీ కూడా రాయాలి. అప్పుడు అడిగేందుకు ఊరికీ వీలుంటుంది.