ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తావు?

మాండలిన్ పట్టుకున్న మొదటి వారంలో "ఎలా వస్తోంది?" అని నన్నెవరూ అడగలేదు. అందరూ అడిగింది ఒక్కటే, "ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తావు?" పక్కింటి అక్క అడిగింది. హిందూపురం నుంచి వచ్చిన ఆడపడుచు అడిగింది. మా ఆయన నోటితో అడగలేదు గానీ టీవీ సౌండు కాస్త పెంచారు. అత్తమ్మ మాత్రం సూటిగా అడిగేసింది, "ఏంటికమ్మా ఇది, కచేరీ చేస్తావా?"

వాద్యం మా అబ్బాయిది. చదువుకునే రోజుల్లో మోజుపడి కొన్నాడు. ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ అటక మీద పడేసి పోయాడు. దుమ్ము దులుపుదామని కిందికి దించాను, మళ్ళీ పైన పెట్టబుద్ధి కాలేదు. నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఫోనులో పాఠాలు చూసి నేర్చుకుంటున్నాను.

కిందటేడు కుట్టుమిషను నేర్చుకుంటానంటే ఇదే ఇంట్లో అందరూ "మంచిదే" అన్నారు. చీరలకు ఫాల్స్ కుట్టినా నాలుగు రూపాయలొస్తాయి కదా. అంటే ఇల్లాలు నేర్చుకోవడం తప్పు కాదు. నేర్చుకున్నదానికి ఒక ఉపయోగం చూపించలేకపోవడమే తప్పు. కొందరు నా మీద ప్రేమతో "పోనీలే, మనసుకు మంచిది, మతిమరుపు రాదు" అని నా తరఫున వాదిస్తారు. అది కూడా నాకొద్దు. మా ఆయన క్రికెట్ చూస్తే మతిమరుపు రాదని ఎవరైనా సర్ది చెబుతున్నారా? ఇష్టం, చూస్తున్నారు. నాకూ అంతే.

ఇక నా తిప్పలు చెబుతాను. మొదటి పాఠాల్లోనే జిగ్ వచ్చింది. ఐర్లండు వాళ్ళు నాట్యానికి వాయించుకునే వరస. ఆరు దెబ్బలు, మూడు మూడుగా నడుస్తాయి. పిక్‌తో కిందికి, పైకి, కిందికి. మళ్ళీ కిందికి, పైకి, కిందికి. చిక్కంతా మధ్యలో ఉంది. మూడో దెబ్బా కిందికే, నాలుగో దెబ్బా కిందికే. చేతికేమో ఒకటి కిందికీ ఒకటి పైకీ కొట్టడం అలవాటు. దాని మానాన దాన్ని వదిలేస్తే నాలుగోది పైకి పోతుంది, అక్కడ పడాల్సిన బరువు పడదు, వరస కుంటుతుంది. నాది మూడు వారాలు కుంటింది.

అది కుదిరింది వాద్యం దగ్గర కాదు, చేట దగ్గర. జూన్‌లో వానపడితే విత్తడానికి మేలో శనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. నోట్లో "తకిట తకిట" అనుకుంటున్నాను. కాయ నొక్కడం, గింజలు రాల్చడం, పొట్టు పడేయడం. మూడు పనులు. నాలుగోది మళ్ళీ నొక్కడమే, మళ్ళీ బరువే. ఇన్నేళ్ళుగా నా చేతులు చేస్తున్నది ఇదే నడక! సాయంత్రం మాండలిన్ తీసి అలాగే మీటితే వరస నిలబడింది.

తర్వాత ఐదు దెబ్బల పాఠం. ఇది మామూలు నడక కాదు, కష్టమని ఆ వీడియోలో మాస్టారు ముందే భయపెట్టారు. నిజంగానే రాలేదు. ఐదో దెబ్బ కాగానే చెయ్యి ఆగిపోయేది, ఆరోదాని కోసం ఎదురుచూస్తున్నట్టు. అంతలో ఆడపడుచు కూతురు పసిబిడ్డతో వచ్చింది. అత్తమ్మ ఉయ్యాల ఊపుతూ "జో అచ్యుతానంద" అందుకుంది. అన్నమయ్యదని చెప్పుకునే ఆ జోలపాట మీ ఇళ్ళలోనూ పాడే ఉంటారు. నేను వంటింట్లో సంగటి కెలుకుతూ వేళ్ళు ముడిచాను. జో అచ్యు, ఐదు. తానంద, ఐదు. ఖండగతి! అరవై ఏళ్ళుగా ఆవిడ ఐదులో పాడుతోంది, ఒక్కసారి కూడా తప్పకుండా.

పరుగున వెళ్ళి చెప్పాను. అత్తమ్మ తల కూడా ఎత్తలేదు. "ఐదో ఆరో నాకేం తెల్సు? బిడ్డ పడుకుంటే సాలు," అంది.

నా అభిప్రాయం ఇక్కడే మొదలైంది. మనకు తెలిసినవాటిని మనమే చదువు కింద జమ కట్టం. జోల పాడితే అది పని. అదే నడకను స్టేజి మీద వాయిస్తే విద్య. ఏడు దెబ్బల మిశ్రగతి కూడా మనకు కొత్త కాదు. గురజాడ 1910లో రాసిన ముత్యాల సరాల నడక మూడూ నాలుగూ కలిసిన ఏడే. బళ్ళో ఆ గేయాలు వల్లెవేసినప్పుడు మనకది కష్టమైన తాళమని ఎవరూ చెప్పలేదు కాబట్టి హాయిగా వచ్చేసింది.

పోనీ, పరాయి సంగీతం మనకెందుకంటారా? ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) అంతటివారు కుంపిణీ బ్యాండు మేళాల వరసలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటినే నోట్టుస్వరాలంటారు. సంగీతం మొదలుపెట్టిన పిల్లలకు నేర్పే "శక్తిసహిత గణపతిం" అలాంటిదే, మూడు దెబ్బల నడక. ఆయనకు లేని పట్టింపు మనకెందుకు?

మాండలిన్ అనగానే ఎవరో ఒకరు పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ గారి పేరు ఎత్తుతారు. ఆరేళ్ళకే తండ్రి వాద్యం చేతపట్టారు, 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేశారు, అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ లెక్క నాకు చెప్పడంలో అర్థం తెలుసు: నువ్వు నలభై ఏళ్ళు ఆలస్యమయ్యావని. కానీ అదే కథలో ఇంకో ముక్క ఉంది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, విన్నది పిల్లవాడు తీగల మీద వెతుక్కునేవాడు. నోటిలో ఉన్నది చేతిలోకి వచ్చింది, అంతే కదా? వయసు సంగతి నాకు పనికిరాదు గానీ ఈ పద్ధతి పనికొస్తుంది. నా గురువు ఉయ్యాల దగ్గర కూర్చుని ఉంది. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

నిజానికి ఐదూ ఏడూ కాదు నాకు కష్టమైన లెక్క. అరగంట. సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా ఎవరూ పిలవని ముప్పై నిమిషాలు. ఏడు దెబ్బల పాఠం సగంలో ఉండగా కొళాయి వస్తుంది. మా కొండ కింద వీధుల్లో నీళ్ళు వదిలేశాక ఏ తాళమూ ఆగదు, బిందెలు పట్టాల్సిందే. అది నేను ఒప్పుకుంటాను, నీళ్ళు కదా. కానీ "చార్జరెక్కడ?", "కాఫీ పెడతావా?" అన్న పిలుపులకు మాత్రం ఇప్పుడు లేవడం లేదు. మొదట్లో అందరూ అలిగారు. ఇప్పుడు చార్జరు వాళ్ళకే దొరుకుతోంది.

అందుకే చెబుతున్నాను. మీ ఇంట్లోనూ అటక మీద ఏదో ఒకటి ఉంటుంది. తబలా, రంగుల పెట్టె, సగం ఆపేసిన హిందీ పరీక్ష పుస్తకాలు. దించండి. ఎందుకని అడిగితే కారణం వెతుక్కోకండి. "ఇష్టం" అనండి. అది చిన్న మాటే గానీ, నాకు నోరు తిరగడానికి నలభై ఎనిమిదేళ్ళు పట్టింది.

నిన్న సాయంత్రం అత్తమ్మ జోలపాటను తీగల మీద మొదటిసారి చివరిదాకా వాయించాను. బిడ్డ నిద్రపోలేదు, లేచి ఏడ్చింది. "మెల్లగా కొట్టమ్మా," అంది అత్తమ్మ. ఆపమని మాత్రం అనలేదు.