మా ఆస్తి, రెండక్షరాల్లో

ఈ సంచికలో గూఢ గళ్ళనుడికట్టు మొదలుపెడుతున్నాం. అలవాటు లేనివారికి ఓ ఆధారం విప్పి చూపిస్తాను.

‘మా సొత్తంతా ఒకే దీర్ఘంలో ఇమిడిన, కన్నడ కథకుడి పేరులోని ఊరు (2).’

చదవగానే ఆస్తి తగాదాలా ఉంటుంది. వాక్యం చెప్పే కథను నమ్మకండి. అర్థం సాధారణంగా ఆధారానికి ఏదో ఒక కొసనే ఉంటుంది. ఇక్కడ చివర: కన్నడ కథకుడి పేరులోని ఊరు. మిగిలింది కూర్పు. సొత్తు అంటే ఆస్తి. ‘మా’కు ‘ఆస్తి’ని తగిలిస్తే రెండు దీర్ఘాలు ఒకటై మాస్తి. మాలూరు తాలూకాలోని మన మాస్తి, వెంకటేశ అయ్యంగారి మాస్తి!

ఇంగ్లీషులో అక్షరాలు చెల్లాచెదురు చేసి కొత్త మాట కూర్చడం సులువు. తెలుగులో గుణింతం, ఒత్తు గడితోపాటే కదులుతాయి. అందుకే మనకు సంధే అసలు ఆయుధం. కోల, ఆరు కలిస్తే కోలారు. కన్నడంలో ‘కోలార’ అంటారు కనుక ఈ ఎత్తు అక్కడ పారదు, పాపం.

ఇది తీరికలేనివాళ్ల ఆట కాదనేవారికి ఒక మాట: 1971లో ‘ది హిందూ’ క్రాస్‌వర్డ్‌కు తొలి కూర్పరి అడ్మిరల్ రామ్‌దాస్ కటారి, 1958లో నౌకాదళ పగ్గాలు అందుకున్న తొలి భారతీయుడు.

7 అడ్డం చివర ప్రశ్నార్థకం అచ్చుతప్పు కాదు. అది చిలిపి ఆధారమని హెచ్చరిక. జవాబులు వచ్చే నెల.