ముందు మొక్కలు, తర్వాతే చేపలు

పిల్లలు చేపలు కావాలంటారు. వాళ్ళ నాన్న సరే అంటారు. శనివారం సాయంత్రానికి అద్దం తొట్టి, రంగు రాళ్ళు, ఒక ప్లాస్టిక్ మొక్క, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఇంటికొచ్చేస్తాయి. మూడో వారానికి నీళ్ళు మసకబారి వాసన మొదలవుతుంది. అప్పుడా తొట్టి ఎవరిది? అమ్మది. ఎవరూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు, అయినా అలాగే జరుగుతుంది. అంట్లు, లంచ్ బాక్సులు, ఆరని బట్టలు, వాటి తర్వాత చేపల తొట్టి.

అందుకని నా మాట సూటిగా చెప్పేస్తాను. అక్వేరియం వద్దనకండి. కానీ మొక్కల అక్వేరియం పెట్టండి. ముందు మొక్కలు, ఆరు వారాలు గడిచాకే చేపలు. ఆ వరస పాటిస్తే మీరు చెయ్యాల్సిన చాకిరీలో చాలా భాగం మొక్కలే చేసిపెడతాయి.

"మొక్కలంటే ఇంకో పని కదా!" అంటారు. మీరు వీడియోల్లో చూసేవి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు, ఖరీదైన లైట్లు పెట్టి, రోజూ కత్తిరిస్తూ పోటీల కోసం పెంచే తోటలు. మనం చెప్పుకునేది పెరట్లో తోటకూర మడి లాంటిది. తన బతుకు తను బతుకుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, చేపల మలం, తినకుండా మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది చేపలకి విషం. రాళ్ళలో, ఫిల్టర్లో పెరిగే మేలు చేసే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ అంత ప్రమాదం కాదు. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో మొదటి వారమే చేపలు చచ్చిపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. మొక్కలకి మాత్రం ఈ అమ్మోనియా, నైట్రేట్ రెండూ ఎరువే.

ఇక మన ఎన్నిస్ నీళ్ళు. డ్రమ్‌క్లిఫ్ ఊటల నుంచి వచ్చే ఈ నీళ్ళు సున్నపురాయి లోంచి ఊరినవి. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది ఆ సున్నమే. పిడుగురాళ్ళ వైపు నుంచి వచ్చినవాళ్ళకి సున్నపురాయి గురించి నేను చెప్పక్కర్లేదు. బరెన్ కొండలు చూసినప్పుడే పోల్చుకుని ఉంటారు. ఈ గట్టి నీళ్ళని మెత్తబరచడానికి డబ్బు పోయకండి. ఈ నీళ్ళల్లో హాయిగా బతికేవాటినే తెచ్చుకోండి. నల్లా నీళ్ళల్లో క్లోరిన్ ఉంటుంది కాబట్టి, క్లోరిన్ తీసే చుక్కల మందు ఒక్కటి మాత్రం తప్పదు.

మొక్కలు నాలుగు రకాలు చాలు. జావా ఫెర్న్, అనుబియాస్: ఈ రెండిటినీ మట్టిలో నాటకూడదు. లావుగా ఉండే అడ్డకాండం పూడిస్తే కుళ్ళిపోతుంది. రాయికో చెక్కకో దారంతో కట్టేస్తే అదే పట్టుకుంటుంది. వాలిస్నేరియా: మన చెరువుల్లోనూ పెరిగే పొడుగు రిబ్బను ఆకుల మొక్క. గట్టి నీళ్ళంటే దానికి మరీ ఇష్టం. నాలుగోది క్రిప్టోకొరైన్. బజార్లో ఎక్కువగా దొరికే వెంట్‌టియై రకం మనకి దగ్గరిదే, శ్రీలంకది. తెచ్చి నాటిన కొద్దిరోజులకే దీని ఆకులన్నీ కరిగిపోవచ్చు. చచ్చిందని పారెయ్యకండి. నీళ్ళు మారినందుకు ఆకులు వదిలేస్తుంది, వేరు బతికే ఉంటుంది. కొన్ని వారాల్లో ఈ నీళ్ళకి తగ్గ కొత్త ఆకులు వేస్తుంది. మొదటి చలికాలం ఇక్కడ గడిపినవాళ్ళకి ఇది వేరే వివరించాలా?

తొట్టిని కిటికీ దగ్గర పెట్టకండి. జూన్‌లో ఇక్కడ పగలు దాదాపు 17 గంటలు, ఆ వెలుతురుకి అద్దమంతా పాచి పడుతుంది. డిసెంబరులో నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. అందుకని గోడ వైపు పెట్టి, చిన్న ఎల్‌ఈడీ లైటుకి టైమర్ ప్లగ్గు తగిలించి రోజుకి ఏడు గంటలు వెలగనివ్వండి. 10 వాట్ల లైటయితే ఏడాదికి పాతిక యూనిట్లే. చలికాలం సాయంత్రం బయట అంతా నల్లబడిపోయాక గదిలో ఒక మూల పచ్చగా వెలుగుతుంటే ఎలా ఉంటుందో పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

తొట్టి 60 లీటర్లదైతే మంచిది. మరీ చిన్నదాంట్లో నీళ్ళు త్వరగా పాడవుతాయి. రాళ్ళతో, అద్దంతో కలిపి 75 కిలోలు దాటుతుంది కాబట్టి అద్దె ఇంటి టీవీ బల్ల మీద పెట్టకండి.

ఆరు వారాలయ్యాక చేపలు. గోల్డ్‌ఫిష్ వద్దు. జానెడు పెరుగుతుంది, మొక్కల్ని కొరికేస్తుంది. వైట్ క్లౌడ్ మౌంటెన్ మిన్నో అని చైనా కొండవాగుల చేప ఒకటుంది. చల్లటి నీళ్ళకి అలవాటు పడినది, మన ఇళ్ళ వేడికి దానికి హీటర్ అక్కర్లేదు. ముందు మూడు నాలుగు, కొన్ని వారాలాగి మరో నాలుగు. గప్పీలే కావాలంటే ఈ గట్టి నీళ్ళు వాటికీ సరిపోతాయి, కానీ హీటర్ కావాలి. పిల్లలకి బాధ్యత నేర్పాలంటే కూడా ఇదే దారి. ఆరు వారాలు మొక్కల్ని చూసుకున్న పిల్లకి చేపల్ని అప్పగించవచ్చు. అంతవరకూ ఆగలేనంటే చేపలు తెచ్చినా ఆ పని మీ మీదే పడుతుంది.

తర్వాత పనెంత? రోజుకోసారి చిటికెడు మేత, రెండు నిమిషాల్లో తినగలిగినంత. పదిహేను రోజులకోసారి ఒక బకెట్ నీళ్ళు తీసి కొత్తవి పొయ్యడం. తీసిన నీళ్ళు కరివేపాకు కుండీకి పోస్తే అది కూడా సంతోషిస్తుంది. వేసవి సెలవుల్లో ఇండియా వెళ్ళేటప్పుడు మేత డబ్బా మొత్తం పక్కింటివాళ్ళ చేతిలో పెట్టకండి. ప్రేమ కొద్దీ గుప్పెడు వేస్తారు. చిన్న పొట్లాలు కట్టి, రెండు రోజులకొకటి చొప్పున ఇవ్వండి.

ఒక్క విషయంలో మాత్రం నేను పట్టుదలగా ఉంటాను. మొక్కలు ఎక్కువయ్యాయని, ఇల్లు మారుతున్నామని తొట్టిని ఫెర్గస్ నదిలోనో, దగ్గరి చెరువులోనో ఒంపకండి. అందం కోసం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క మన గోదావరి కాలువల్ని ఏం చేసిందో మనకి తెలుసు. ఇక్కడా అదే కథ నడిచింది. అక్వేరియంలకీ తోట కొలనులకీ అమ్మే లాగరోసిఫాన్ అనే మొక్క 2005లో గాల్వే పక్కన లాక్ కారిబ్ సరస్సులో బయటపడింది. దాన్ని అణచడానికి సరస్సు అడుగున జనపనార బట్ట పరవాల్సొచ్చింది. గుర్రపుడెక్కని, లాగరోసిఫాన్‌ని అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 2016 నుంచి యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. మన అంతరతామరకీ 2024 ఆగస్టు నుంచి అదే నియమం. కాబట్టి ఎక్కువైన మొక్కల్ని పూర్తిగా ఎండబెట్టి చెత్తబుట్టలో వెయ్యండి.

ఊళ్ళో ఉండి ఇది చదువుతున్న అమ్మలకీ అత్తయ్యలకీ ఒక మనవి. మనవరాలికి ఇష్టమని చెరువు మొక్కని తడిగుడ్డలో చుట్టి సూట్‌కేసులో పెట్టకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా బయటి దేశాల మొక్కల్ని ఇక్కడికి తేనివ్వరు. పచ్చళ్ళు పంపండి, చాలు.

ఎన్నిస్‌లో ఉన్నవాళ్ళకి మొక్కలు కొనే అవసరం కూడా పెద్దగా రాకపోవచ్చు. జావా ఫెర్న్ ఆకుల చివర్ల పిల్లమొక్కలు పుడతాయి, వాలిస్నేరియా పక్కకి పిలకలు వేస్తుంది. ఒకరింట్లో కుదిరితే ఏడాదిలో నలుగురికి పంచొచ్చు. ఈసారి వరలక్ష్మీ వ్రతానికి వాయనంతో పాటు చిన్న డబ్బాలో నీళ్ళు పోసి ఒక పిలక ఇచ్చి చూడండి. తీసుకున్నావిడకి మాత్రం మర్చిపోకుండా చెప్పండి: చేపలు ఆరు వారాల తర్వాతే.