లాక్‌డౌన్‌లో మ్యూజియం దగ్గర సరుకుల క్యూ ఎందుకు?

2020 వేసవిలో న్యూయార్క్‌లోని క్వీన్స్ మ్యూజియం గ్యాలరీలకు తాళాలు పడ్డాయి. కానీ బుధవారం వచ్చిందంటే భవనం బయట బారులు తీరిన జనం. వాళ్లు వచ్చింది బొమ్మలు చూడ్డానికి కాదు, ఇంట్లోకి సరుకుల కోసం. మ్యూజియానికి సరుకుల పంపిణీతో ఏం పని? మనం తెలుసుకోవాల్సింది ఇందులో ఏముంది?

సరుకులు ఎందుకు దొరకలేదు?

అప్పుడు వచ్చిన కొరత రెండు రకాలు. మొదటిది దుకాణాల్లో కనిపించింది. భయంతో జనం ముందే కొని పెట్టుకున్నారు. హోటళ్లు, స్కూళ్లు మూతపడటంతో వాటికి వెళ్లే సరుకు ఆగిపోయింది. పెద్ద ప్యాకింగ్‌లో హోటళ్లకు వెళ్లేదాన్ని రాత్రికి రాత్రి ఇళ్లకు సరిపడే ప్యాకెట్లుగా మార్చలేరు. అందుకే 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ఒకపక్క పాడి రైతులు పాలు పారబోస్తుంటే, మరోపక్క కొన్ని దుకాణాలు మనిషికి ఇన్ని ప్యాకెట్లే అని పరిమితి పెట్టాయి.

రెండోది జేబులో కొరత. దుకాణంలో సరుకుంది, కొనడానికి డబ్బు లేదు. హోటళ్లలో, ఇళ్లలో పనిచేసే వలస కార్మికులకు ఒక్కసారిగా పని పోయింది. ప్రభుత్వం ఇచ్చిన 1,200 డాలర్ల సాయం అందాలంటే సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలి. అది లేనివాళ్లకు ఆ డబ్బు రాలేదు.

మ్యూజియమే ఎందుకు?

మ్యూజియం ఉన్న పార్కు పక్కనే వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట ఉంది. దాని పేరు కూడా కరోనాయే. వైరస్‌కు ఆ పేరు రాకముందు నుంచీ ఉన్న పేరది. న్యూయార్క్‌లో కోవిడ్ దెబ్బ గట్టిగా తగిలిన ప్రాంతాల్లో ఇదొకటి. క్వీన్స్‌లో అప్పటికే ఉచితంగా సరుకులు పంచుతున్న లా జోర్నాడా అనే సంస్థతో మ్యూజియం చేతులు కలిపింది. వలస వచ్చినవాళ్లకు తరగతులు నిర్వహించిన మ్యూజియం కావడంతో అది స్థానికులకు కొత్త కాదు. పత్రాలు అడుగుతారేమోనని భయపడే మనిషి ముందుగా వెళ్లేది తెలిసిన చోటికే.

ఇందులో డైరెక్టర్ పని ఏమిటి?

సాలీ టాలంట్ 2019లో ఈ మ్యూజియం డైరెక్టర్ అయ్యారు. మామూలు రోజుల్లో ఈ ఉద్యోగమంటే ప్రదర్శనలు, విరాళాలు, సిబ్బంది జీతాలు, కళాఖండాల భద్రత. లాక్‌డౌన్‌తో మ్యూజియాల రాబడి పడిపోయింది. అదే నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియం 10 కోట్ల డాలర్ల లోటు వస్తుందని 2020 మార్చిలోనే అంచనా వేసింది. పైగా తిండి సరుకులుంటే పురుగులు, ఎలుకలు వస్తాయి, కళాఖండాలకు ముప్పు. అలాంటి సమయంలో సరుకులకు చోటివ్వాలంటే భద్రత, శుభ్రత, మనుషుల మధ్య దూరం అన్నిటికీ పైనున్నవాళ్లే బాధ్యత తీసుకోవాలి. 'ఇది మన పని కాదు' అనడం వాళ్లకు తేలిక.

మన దగ్గర?

2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ అమలైనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లను మైదానాలకు మార్చడం మీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డున్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి రూ.1,500 ప్రకటించింది. కార్డు లేని వలస కార్మికులకు విడిగా 12 కిలోల బియ్యం, రూ.500 ప్రకటించాల్సి వచ్చింది. అక్కడైనా ఇక్కడైనా చిక్కు ఒకటే: కాగితం లేనివాడికి సాయం చివరికి చేరుతుంది.

మ్యూజియం రేషన్ వ్యవస్థకు బదులు కాలేదు, కాకూడదు కూడా. ఆ బాధ్యత ప్రభుత్వానిదే. కానీ జాబితాలో పేరు లేనివాళ్లకు ఆ వారం గడవడానికి తెరిచిన గేటు ఒకటి కావాలి. మీ వార్డులో లైబ్రరీ, కమ్యూనిటీ హాల్, స్కూల్ గ్రౌండ్ ఉన్నాయా? అత్యవసరం వస్తే వాటి తాళం ఎవరి దగ్గరుంటుంది, తెరవమని చెప్పే అధికారం ఎవరిది? ఇది మీ కార్పొరేటర్‌ను ఇప్పుడే అడగండి. క్యూ కట్టాక అడిగితే ఆలస్యమవుతుంది.